బడి యాప్ బడి పేరు మీదే ఉండాలి

బెంగళూరులో తెలుగు చదివే పిల్లలకు ఇంటి దగ్గర అక్షరాలు దిద్దించే సాధనాలు తక్కువ. అందుకే ఉపాధ్యాయుడో, పూర్వ విద్యార్థో తయారుచేసిన చిన్న యాప్‌ను ఏపీకే ఫైలుగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పంపడం సులువనిపిస్తుంది. ఇకపై అది అంత సులువు కాదు.

ప్లే స్టోర్‌లో లేని యాప్ అయినా సరే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకోవాలంటే దాన్ని తయారుచేసినవారు తమ గుర్తింపును ధ్రువీకరించుకోవాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరించాలన్నది ప్రణాళిక.

దీనికి కారణం మనకూ తెలిసిందే. ట్రాఫిక్ చలానా, పెళ్లిపత్రిక, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేలను నొక్కి ఎందరో డబ్బు పోగొట్టుకున్నారు. అయితే ఈ ధ్రువీకరణ టీసీ మీద హెడ్‌మాస్టర్ సంతకం లాంటిది. ఎవరిచ్చారో చెబుతుంది గానీ, పిల్లవాడికి చదువు వచ్చిందో లేదో చెప్పదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పంచే ఎఫ్‌-డ్రాయిడ్ వంటి సంస్థలు ఈ నిబంధనను వ్యతిరేకించాయి. తర్వాత గూగుల్, అనుభవజ్ఞులు హెచ్చరికలు చదివి ధ్రువీకరణ లేని యాప్‌ను కూడా వేసుకునే మార్గం ఉంచుతామంది. బడులు మాత్రం ఆ మార్గాన్ని తల్లిదండ్రులకు నేర్పకూడదు. ‘హెచ్చరిక వస్తే పట్టించుకోకండి’ అని ఈరోజు టీచరు చెబితే, రేపు అదే మాట మోసగాడు చెప్పినా నమ్ముతారు.

మరి ఏం చేయాలి? వ్యక్తిగత ఖాతాకు గుర్తింపు పత్రం, చిరునామా, 25 డాలర్ల రుసుము కావాలి. విద్యార్థులకు, సరదాగా యాప్‌లు చేసేవారికి రుసుము లేని ఖాతా ఉన్నా, అది కొద్ది ఫోన్లకే పరిమితం. తరగతి మొత్తానికి అది చాలదు. సంస్థ ఖాతాకు డన్స్ నంబరు కావాలి. అది ఉచితమే గానీ, చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు. కనుక యాజమాన్య కమిటీలు ముందే దరఖాస్తు చేయడం మేలు. ప్రభుత్వ బడులైతే బీఈవో కార్యాలయాన్ని ముందుగా అడగాలి.

ఖాతా ఒక ఉపాధ్యాయుడి పేరిట ఉంటే, ఆయన బదిలీతో యాప్ కూడా బడికి దూరమవుతుంది. యాప్‌పై వేసే డిజిటల్ సంతకపు కీ కూడా అంతే. దాన్ని ఒకరి ల్యాప్‌టాప్‌లో కాక, హాజరు పట్టీలాగా బడి అధీనంలో భద్రపరచాలి.