హెచ్‌ఐవీ: ఒంట్లో బాగానే ఉందంటే వైరస్ లేనట్టేనా? టీ సెల్స్ యుద్ధంలో అసలు మోసం ఇక్కడే..!

జహీరాబాద్: పుణె నుంచి మచిలీపట్నం దాకా వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి మీద, హైదరాబాద్‌కు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది జహీరాబాద్. ఒక పక్క కర్ణాటకలోని బీదర్. ఇంకాస్త ముందుకెళ్తే మహారాష్ట్ర. రాత్రీ పగలూ లారీలు ఆగని దారి ఇది. హెచ్‌ఐవీ నివారణలో ఇలాంటి హైవే ఊళ్లకు మొదటి నుంచీ ప్రత్యేక స్థానం ఉంది. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే లారీ డ్రైవర్లు, వలస కూలీల కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, వేరుగా కార్యక్రమాలు నడుపుతోంది కూడా అందుకే.

అలాగని ఇది డ్రైవర్ల జబ్బు అనుకుంటే పొరపాటే. వైరస్‌కు వృత్తి తెలీదు. ఇల్లు దాటని గృహిణికి భర్త నుంచి సోకిన కేసులు మన దగ్గర తక్కువేం కాదు. నాకో 2021 అంచనాల ప్రకారం తెలంగాణలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు సుమారు లక్షన్నర మంది. వయోజనుల్లో ఇది 0.47 శాతం. దేశ సగటు 0.21 శాతం. అంటే మన దగ్గర రెట్టింపు కంటే ఎక్కువే.

మరి ఇంతమంది ఉన్నా పరీక్ష ఎందుకు ఆలస్యం అవుతోంది? మందులు మధ్యలో ఎందుకు ఆగిపోతున్నాయి? భయం, సిగ్గు.. ఇవి అందరికీ తెలిసిన కారణాలే. వీటి వెనక ఇంకోటి ఉంది. అదే 'నాకేంటి, బాగానే ఉన్నా కదా' అనే మాట. ఈ మాట అబద్ధం కాదు. మనిషి నిజంగానే బాగుంటాడు. ఏళ్ల తరబడి బాగుంటాడు. ఎందుకంటే లోపల టీ సెల్స్ అనే సైన్యం రోజూ యుద్ధం చేస్తోంది. ఆ యుద్ధం ఎలా సాగుతుందో తెలిస్తే, బాగున్నప్పుడే గోలీ ఎందుకు వేసుకోవాలో అర్థమవుతుంది.

కమాండర్ ఒకరు.. సిపాయి ఒకరు

టీ సెల్స్ అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథిలో ఇవి ట్రైనింగ్ తీసుకుని బయటికొస్తాయి. వీటిలో ముఖ్యంగా రెండు దళాలు ఉన్నాయి.

ఒకటి సీడీ4 కణాలు. ఇవి కమాండర్లు. శత్రువు ఎవరో గుర్తించి మిగతా సైన్యానికి ఆర్డర్లు ఇస్తాయి. రెండోది సీడీ8 కణాలు. ఇవి రంగంలో దిగే సిపాయిలు. వైరస్ దూరిన కణాన్ని పసిగట్టి, ఆ కణాన్నే చంపేస్తాయి.

హెచ్‌ఐవీ చేసే మోసం ఏంటంటే.. అది నేరుగా కమాండర్ మీదే పడుతుంది. సీడీ4 కణం మీద ఉండే సీడీ4 అనే ప్రొటీన్‌నే తలుపు గడియలా వాడుకుంటుంది. పక్కనే సీసీఆర్5 అనే ఇంకో ప్రొటీన్‌ను పట్టుకుని లోపలికి జారుకుంటుంది. లోపలికెళ్లాక తన జన్యు సమాచారాన్ని మన డీఎన్ఏ భాషలోకి మార్చి, మన డీఎన్ఏలోనే అతికించేస్తుంది. ఇక ఆ కణం వైరస్ తయారీ ఫ్యాక్టరీ అయిపోతుంది. చికిత్స లేని మనిషి ఒంట్లో రోజుకు సుమారు వెయ్యి కోట్ల కొత్త వైరస్ కణాలు పుడతాయని 1990ల్లోనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

మొదటి వారాలు: గెలిచినట్టే గెలిచి..

వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి జ్వరం, గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, దద్దుర్లు వస్తాయి. మామూలు వైరల్ ఫీవర్ అనుకుని ఓ పారాసిటమాల్ వేసుకుంటారు. కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. అక్కడితో కథ అయిపోయిందనుకుంటారు.

అసలు కథ ఇప్పుడే మొదలైంది. రక్తంలో వైరస్ తారస్థాయికి చేరిన సమయంలో సీడీ8 సిపాయిలు లక్షల్లో పుట్టుకొచ్చి దాడి చేస్తాయి. వైరస్ సంఖ్య అమాంతం పడిపోతుంది. జ్వరం తగ్గడం ఆ దాడి ఫలితమే. కానీ వైరస్ సున్నా కాదు. ఒక స్థాయికి దిగి అక్కడ నిలబడుతుంది. ఆ స్థాయి ఎక్కువగా ఉంటే జబ్బు త్వరగా ముదురుతుంది. తక్కువగా ఉంటే ఆలస్యమవుతుంది.

ఈలోపు జరగాల్సిన నష్టం వేరేచోట జరిగిపోతుంది. మన టీ సెల్స్‌లో పెద్ద భాగం ఉండేది రక్తంలో కాదు, పేగుల గోడల్లో. మొదటి కొన్ని వారాల్లోనే అక్కడి సీడీ4 కణాలు భారీగా చచ్చిపోతాయి. రక్త పరీక్షలో సీడీ4 సంఖ్య ఓ మోస్తరుగా కనిపించినా, పేగుల్లోని నష్టం ఆ రిపోర్టులో కనబడదు.

వేషం మార్చే వైరస్.. అలసిపోయే సైన్యం

ఆ తర్వాత ఎనిమిది, పదేళ్ల పాటు పెద్దగా లక్షణాలేవీ ఉండకపోవచ్చు. డ్యూటీకి వెళ్తారు, పెళ్లిళ్లకు వెళ్తారు, పొలం పని చేస్తారు. బయటికి అంతా ప్రశాంతం. లోపల మాత్రం రోజూ ఢీ అంటే ఢీ.

హెచ్‌ఐవీ తనను తాను కాపీ చేసుకునేటప్పుడు బోలెడు తప్పులు చేస్తుంది. ఆ తప్పులే దానికి వరం. ప్రతి తప్పుతో వేషం కాస్త మారుతుంది. సిపాయి ఒక ముఖం గుర్తుపట్టేలోపు వైరస్ ఇంకో ముఖంతో వస్తుంది. ఇలా ఏళ్ల తరబడి ఒకే శత్రువుతో పోరాడి సీడీ8 కణాలు డీలా పడిపోతాయి. వాటి మీద పీడీ-1 లాంటి బ్రేకులు పడతాయి. కణాలు ఉంటాయి కానీ కొట్టే సత్తా తగ్గుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని 'టీ సెల్ అలసట' అంటారు.

ఇంకోపక్క కమాండర్లు కూడా తగ్గిపోతుంటారు. ఆరోగ్యంగా ఉన్న వ్యక్తిలో ఒక క్యూబిక్ మిల్లీమీటర్ రక్తంలో సీడీ4 కణాలు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. చికిత్స లేకపోతే ఇవి ఏటా తగ్గుతూ వస్తాయి. 200 కంటే కిందికి పడితే దాన్ని ఎయిడ్స్ దశ అంటారు. అప్పుడు టీబీ, న్యుమోనియా, మెదడుకు సోకే ఫంగస్ లాంటివి దాడి చేస్తాయి. మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది టీబీనే.

అందరిలో ఒకేలా జరుగుతుందా అంటే, లేదు. వంద మందిలో ఒకరి కంటే తక్కువ మందికి మందుల్లేకుండానే వైరస్ అదుపులో ఉంటుంది. హెచ్‌ఎల్‌ఏ-బీ57, బీ27 లాంటి జన్యువులున్న కొందరిలో సీడీ8 కణాలు వైరస్ మార్చుకోలేని చోట దెబ్బకొడతాయి. వినడానికి బాగుంది కానీ ఆ అదృష్టవంతుల్లో మనం ఉన్నామో లేదో అనుకుంటూ కూర్చోవడం పెద్ద జూదం.

సీడీ4 పెరిగింది కదా.. మందులు ఆపేద్దామా?

అసలు ప్రమాదం ఈ ప్రశ్నలోనే ఉంది. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలల్లో వైరల్ లోడ్ మెషీన్‌కు కూడా దొరకనంత తగ్గుతుంది. సీడీ4 పెరుగుతుంది. బరువు పెరుగుతారు, ముఖం తేటపడుతుంది. 'ఇక నయమైంది' అనిపిస్తుంది.

నయం కాలేదు. ఎందుకంటే కొన్ని సీడీ4 కణాలు వైరస్‌ను డీఎన్ఏలో దాచుకుని నిద్రపోతుంటాయి. విశ్రాంతిలో ఉన్న సీడీ4 కణాల్లో ఇలాంటివి సుమారు పది లక్షలకు ఒకటి. నిద్రపోయే కణం వైరస్‌ను తయారు చేయదు కాబట్టి సిపాయిలకు కనబడదు. కొత్త వైరస్ పుట్టకపోతే మందు కూడా దాన్ని ఏమీ చేయలేదు. ఈ దాగుడుమూతల నిల్వ దానంతటదే ఖాళీ కావాలంటే 70 ఏళ్లకు పైగా పట్టొచ్చని 2003లోనే లెక్క తేలింది. గోలీలు మానేస్తే చాలామందిలో కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది.

ఇది ఉత్త భయం కాదు, పరీక్షించి చూసిన విషయం. 'స్మార్ట్' అనే అంతర్జాతీయ అధ్యయనంలో 5,472 మందిని తీసుకున్నారు. సగం మందికి మందులు ఆపకుండా ఇచ్చారు. మిగతా సగానికి సీడీ4 350 దాటితే ఆపి, 250 కిందికి పడితే మళ్లీ మొదలుపెట్టారు. ఆపి ఆపి వాడినవాళ్లలో జబ్బు ముదరడం లేదా మరణం ముప్పు సుమారు 2.6 రెట్లు ఎక్కువైంది. దాంతో 2006లో ఆ పద్ధతిని మధ్యలోనే నిలిపేశారు. 2015లో వచ్చిన 'స్టార్ట్' అధ్యయనం రెండో ప్రశ్నకు జవాబిచ్చింది. సీడీ4 500 కంటే ఎక్కువ ఉన్నప్పుడే మందులు మొదలుపెట్టినవాళ్లలో తీవ్రమైన జబ్బులు, మరణాల ముప్పు సగానికి పైగా తగ్గింది.

మన దేశంలో ఉచిత ఏఆర్టీ మందులు 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. అప్పట్లో సీడీ4 బాగా పడిపోయినవాళ్లకే ఇచ్చేవాళ్లు. 2017 నుంచి రూల్ మారింది. పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4 ఎంతున్నా చికిత్స మొదలుపెడతారు. 'ఇంకా పడనీ, అప్పుడు చూద్దాం' అనే మాటకు ఇక చోటు లేదు.

మరి ఏం చేయాలి?

- సర్కారు దవాఖానాల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష, కౌన్సెలింగ్ రెండూ ఉచితం. సమాచారం కోసం 1097 టోల్ ఫ్రీ నంబర్ ఉంది.
- సోకే అవకాశం ఏర్పడిన వెంటనే చేసిన పరీక్షలో నెగెటివ్ వచ్చినా నమ్మి కూర్చోవద్దు. మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి.
- రిస్క్ జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే డాక్టర్‌ను కలవాలి. 28 రోజుల మందుల కోర్సుతో వైరస్ నిలదొక్కుకోకుండా ఆపే అవకాశం ఉంది.
- లారీ డ్యూటీలో ఉన్నా, వలస వెళ్లినా గోలీల డోసు తప్పొద్దు. బయల్దేరే ముందే సెంటర్‌లో చెప్పి, ఎన్ని రోజులకు కావాలో మాట్లాడుకోవాలి.
- వైరల్ లోడ్ దొరకని స్థాయిలో నిలకడగా ఉంటే, లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదు. మందు వాడేది మీ కోసమే కాదు, ఇంట్లోవాళ్ల కోసం కూడా.

ఉద్యోగం పోతుందన్న భయం చాలామందిది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు. రిపోర్టు బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదు.

వ్యాక్సిన్ ఎందుకు రాలేదు? ఇంజెక్షన్ సంగతేంటి?

టీ సెల్స్‌ను ముందే సిద్ధం చేసే వ్యాక్సిన్ కోసం పెద్ద ప్రయత్నమే జరిగింది. 'స్టెప్' అనే ఆ ట్రయల్‌ను ఫలితం లేక 2007లో ఆపేశారు. వేషాలు మార్చే శత్రువుకు ఒకే ఫొటో చూపించి సైన్యాన్ని సిద్ధం చేయడం అంత తేలిక కాదు.

అందుకే ఇప్పుడు చూపంతా లెనకాపవిర్ మీద ఉంది. ఇది వ్యాక్సిన్ కాదు, ఆరు నెలలకోసారి ఇచ్చే నివారణ ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన ట్రయల్‌లో ఈ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది మహిళల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. దీని జనరిక్‌ను 2027 నుంచి 120 దేశాలకు ఏడాదికి సుమారు 40 డాలర్లకే అందించేందుకు 2025 సెప్టెంబర్‌లో ఒప్పందాలు ప్రకటించారు. వాటిలో ఉన్న డాక్టర్ రెడ్డీస్, హెటిరో రెండూ మన హైదరాబాద్ కంపెనీలే.

దీని విలువ టీ సెల్స్ కథ తెలిసినవాళ్లకే బాగా అర్థమవుతుంది. వైరస్ ఒక్కసారి నిద్రపోయే సీడీ4 కణంలో దూరిందంటే, ఇవాళ్టికి దాన్ని బయటికి లాగే మామూలు మందు లేదు. దూరకముందే ఆపడం ఒక దారి. దూరితే త్వరగా కనిపెట్టి, గోలీలతో జీవితాంతం కట్టడి చేయడం రెండో దారి. రెండిటికీ మొదటి మెట్టు పరీక్షే. అది చేయించుకోవడానికి జబ్బు పడేదాకా ఆగక్కర్లేదు. బాగున్న రోజునే చేయించుకోవాలి.