చుక్కలు తక్కువ.. ముగ్గు పెద్దది!

మే నెల వచ్చిందంటే కర్నూలులోనైనా, కడపలోనైనా మధ్యాహ్నం వీధిలోకి వెళ్లడానికి పెద్దలే జంకుతారు. ఇక సెలవులిచ్చిన పిల్లల సంగతి చెప్పేదేముంది? నీడపట్టున కూర్చుని చేతిలోని ఫోన్‌తోనో, విదేశాల్లో ఉన్న బాబాయి తెచ్చిచ్చిన గేమ్ కన్సోల్‌తోనో ఆటలు మొదలుపెడతారు. అరగంట తిరిగేసరికి అది కాస్తా పెనంలా కాలిపోతుంది. బొమ్మ కదలడానికి మొరాయిస్తుంది. ఇంకాసేపటికి చార్జర్ కోసం వెతుకులాట! బొమ్మ బాగుండాలంటే బ్యాటరీ నిలవదు. బ్యాటరీ నిలవాలంటే బొమ్మ బాగుండదు. చేతిలో పట్టుకుని ఆడే యంత్రాలకు పుట్టినప్పటి నుంచీ ఉన్న చిక్కు ఇది. ఇప్పుడు ఆ చిక్కుముడిని విప్పే పని కృత్రిమ మేధ.. అదే, ఏఐ భుజానికెత్తుకుంది.

అసలు కష్టం ఎక్కడ?

తెర మీద మనం చూసే బొమ్మంతా చిన్న చిన్న చుక్కల కూర్పే. వాటినే పిక్సెళ్లంటారు. 1989లో నింటెండో తెచ్చిన గేమ్‌బాయ్ తెర మీద అడ్డంగా 160, నిలువుగా 144.. మొత్తం 23,040 చుక్కలే ఉండేవి. రంగుల్లేవు. కాబట్టే మామూలు పెన్సిల్ బ్యాటరీలతో గంటల తరబడి నడిచేది. ఇప్పటి 1080 తెర మీద దాదాపు 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. బొమ్మ సాఫీగా కదలాలంటే వాటిని సెకనుకు 60 సార్లు కొత్తగా గీయాలి. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలన్నమాట! ప్రతి చుక్కకీ వెలుగెంత, నీడెంత, రంగేమిటి అన్న లెక్క తేలాలి.

టీవీ పక్కన పెట్టే ప్లేస్టేషన్ 5 లాంటి యంత్రానికైతే గోడ ప్లగ్గు నుంచి 200 వాట్ల దాకా కరెంటు అందుతుంది. వేడిని తోసేయడానికి పెద్ద ఫ్యాను ఉంటుంది. అదే స్టీమ్ డెక్ లాంటి చేతి యంత్రంలో చిప్‌కి దక్కేది గరిష్ఠంగా 15 వాట్లు. ఇంట్లో వెలిగే రెండు ఎల్‌ఈడీ బల్బులు తినేపాటి కరెంటు కూడా కాదు!

ముగ్గు సూత్రం

దీనికో దారుంది. బొమ్మను తక్కువ చుక్కలతో చిన్నగా గీసి, తర్వాత పెద్దది చేయడం. దీన్నే అప్‌స్కేలింగ్ అంటారు. ఇది కొత్తదేం కాదు. అయితే పాత పద్ధతి బెలూను మీద రాసిన పేరులాంటిది. గాలి ఊదేకొద్దీ అక్షరం పెద్దదవుతుంది, కానీ పలచబడి మసకేస్తుంది.

ఏఐ చేసే పని వేరు. సంక్రాంతి నాడు వాకిట్లో వేసిన చుక్కల ముగ్గు మీదుగా స్కూటరు వెళ్లి సగం చెరిగిపోయిందనుకోండి. ఏళ్ల తరబడి ముగ్గులు వేసిన చేయి ఏం చేస్తుంది? మిగిలిన సగాన్ని చూసి, చెరిగిన గీత ఎటు తిరిగి ఉంటుందో ఇట్టే పట్టేస్తుంది. ఏఐకి ఇచ్చే శిక్షణా అలాంటిదే. ఒకే దృశ్యాన్ని మసగ్గా ఒకసారి, స్పష్టంగా ఒకసారి చూపిస్తారు. అలా లెక్కలేనన్ని జతలు చూపిస్తే, మసక బొమ్మలో ఏ గీత తప్పిపోయిందో పోల్చుకోవడం దానికి అలవాటవుతుంది.

ఇంకో కిటుకూ ఉంది. దుమ్ములో దూరం నుంచి వస్తున్న బస్సు బోర్డు ఒక్క చూపులో చదవలేం. రెండు మూడు సార్లు చూస్తే 'కడప' అని తెలిసిపోతుంది. ఏఐ కూడా ఒక్క బొమ్మతో సరిపెట్టుకోదు. అంతకుముందు వచ్చిన బొమ్మల్లో దొరికిన వివరాలనూ కలుపుకుంటుంది. ఏ వస్తువు ఎటు కదిలిందో ఆటే దానికి చెబుతుంది.

లాభం ఎంతంటారా? 960 చుక్కల వెడల్పు, 540 చుక్కల ఎత్తు బొమ్మలో సుమారు 5 లక్షల 18 వేల చుక్కలే. 1080 బొమ్మలో ఇది సరిగ్గా పావు వంతు. యంత్రం పావు వంతు గీస్తే, మిగతా ముప్పావు ఏఐ పూరిస్తుంది.

చేతిలోకి వచ్చిందిలా..

ఎన్విడియా సంస్థ 2018లో 'డీఎల్‌ఎస్‌ఎస్' పేరుతో దీన్ని కంప్యూటర్ ఆటల్లోకి తెచ్చింది. మొదట్లో బొమ్మ మసగ్గా ఉందని ఆటగాళ్లు పెదవి విరిచారు. 2020లో వచ్చిన రెండో రూపంతో ఆ మాట చాలావరకు తగ్గింది. పోటీదారు ఏఎండీ 2021లో 'ఎఫ్‌ఎస్‌ఆర్' తెచ్చింది. అప్పట్లో దాన్లో ఏఐ లేదు, అంతా లెక్కల కిటుకే. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌కి అదే అండగా నిలిచింది. తన కొత్త గ్రాఫిక్స్ కార్డుల కోసం ఏఎండీ 2025లో ఏఐ బాట పట్టింది.

అసలు మలుపు 2025 జూన్ 5న విడుదలైన నింటెండో స్విచ్ 2. దాని తెర 7.9 అంగుళాలు. డీఎల్‌ఎస్‌ఎస్ నడిపే చిప్ అందులోనే ఉంది. 'సైబర్‌పంక్ 2077' ఆట 2020లో వచ్చినప్పుడు టీవీ పక్కన పెట్టే పాత కన్సోళ్లే దాన్ని మోయలేక చతికిలబడ్డాయి. అదే ఆట ఇప్పుడు అరచేతుల్లో ఇమిడే స్విచ్ 2లో నడుస్తోందంటే ఈ కిటుకు చలవ చాలానే ఉంది. (అది పెద్దల ఆట, పిల్లలది కాదు సుమా!)

ఫోన్ల వంతూ వస్తోంది. చాలా ఫోన్ల చిప్‌లకు నమూనాలందించే ఆర్మ్ సంస్థ, 540 బొమ్మను 1080కి పెంచే ఏఐ పద్ధతిని 2025 ఆగస్టులో ప్రకటించింది. ఒక్కో బొమ్మకు పట్టేది 4 మిల్లీసెకన్లేనంటోంది. మన ఊళ్లలో కన్సోల్ ఉన్న ఇళ్లు కొన్నే. ఫోన్ లేని ఇల్లు అరుదు. కాబట్టి ఎక్కువమందికి ఈ ఫలం అందేది అక్కడే.

అన్నీ లాభాలేనా?

కాదు. ఏఐ పనికీ కరెంటు కావాలి. అందుకు చిప్‌లో ప్రత్యేక భాగం ఉండాలి. పాత యంత్రంలో సాఫ్ట్‌వేర్ వేసినంత మాత్రాన ఇది రాదు. వేగంగా కదిలే వస్తువు వెనక దెయ్యంలా చార కనబడటం, సన్నటి తీగలు మెరుస్తూ వణకటం ఇంకా ఉన్నాయి. బ్యాటరీ కష్టం పూర్తిగా తీరిందా అంటే అదీ లేదు. స్విచ్ 2 బ్యాటరీ 2 నుంచి 6.5 గంటలు వస్తుందని నింటెండోనే చెబుతోంది. భారీ ఆట పెట్టుకుని కర్నూలులో కడప బస్సెక్కితే, ఆళ్లగడ్డ చేరేసరికే తెర నల్లబడొచ్చు!

అయితే ఒక అనుకూలత ఉంది. 55 అంగుళాల టీవీలో కొట్టొచ్చినట్టు కనిపించే లోపం 7 అంగుళాల తెర మీద కంటికి ఆనదు. అందుకే ఈ విద్య చిన్న తెరకే బాగా నప్పుతుంది.

మాయాబజార్ చెప్పే మాట

లేనిది పూరించడం తెలుగువారికి కొత్త కాదు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి తీసిన 'మాయాబజార్' 1957 నాటి నలుపు తెలుపు చిత్రం. దర్శకుడు కె.వి.రెడ్డిది పక్కనున్న తాడిపత్రి. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ చిత్రానికి రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. మూడు గంటల సినిమా అంటే సెకనుకు 24 చొప్పున రెండున్నర లక్షలకు పైగా బొమ్మలు! జనం మురిసిపోయి చూశారు. కానీ శశిరేఖ చీరకి ఆ రోజు సెట్‌లో ఉన్న రంగు అదేనా? నలుపు తెలుపు ఫిల్మ్ చెప్పలేదు. అది అద్దినవారి ఊహ. వినోదానికి ఊహ చాలు.

సాక్ష్యానికి చాలదు. 2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక న్యాయమూర్తి, ఏఐతో మెరుగుపరచిన వీడియోను హత్య కేసులో సాక్ష్యంగా అనుమతించలేదు. ఇంట్లో వెలిసిపోయిన తాతగారి ఫొటోను ఫోన్‌లోని యాప్‌తో 'స్పష్టం' చేసేవారికీ ఇదే వర్తిస్తుంది. వచ్చే ముఖం అందంగానే ఉంటుంది. కానీ చెంప మీది పుట్టుమచ్చ పోవచ్చు, చూపు మారిపోవచ్చు. అది తాతగారి ముఖం కాదు, తాతగారిలాంటి ముఖం. కొత్తది చేయించుకోండి, పాతది మాత్రం పారేయకండి.

కొనేముందు..

* పెట్టె మీద '4కె' అని చూసి మురిసిపోవద్దు. అది చాలాసార్లు టీవీకి కలిపినప్పటి లెక్క. చేతిలో పట్టుకున్నప్పుడు ఎంతో విడిగా అడగండి.
* పిల్లలు ఆడాలనుకునే ఆటలో ఈ సౌకర్యం ఉందో లేదో చూడండి. అన్ని ఆటల్లోనూ ఉండదు.
* వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోండి. విదేశాల నుంచి తెప్పించినవాటితో ఇదే పెద్ద చిక్కు.
* ఎండాకాలం ఆడేటప్పుడు పరుపు మీద, దిండు మీద పెట్టనివ్వద్దు. గాలి రంధ్రాలు మూసుకుపోతే ఏ ఏఐ కూడా వేడిని ఆపలేదు.