తొర్ర ఉంటేనే చిలక

గుంటూరు మిరపకాయ కారం రామచిలకకు తెలియదు. మన నోరు మండించే క్యాప్సైసిన్ పక్షుల్ని ఏమీ చేయదు. ఆ మంటను పసిగట్టే గ్రాహకాన్ని 1997లో గుర్తించిన శాస్త్రవేత్తల బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ గ్రాహకం పక్షుల్లోనూ ఉంది, కానీ కారానికి ఉలకదు. అందుకే మనం కళ్ళు తుడుచుకుంటూ కోసే పండుమిరపకాయను చిలక ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో పట్టుకుని గింజలతో సహా తాపీగా తింటుంది. ఈ నేల మనకెంత సొంతమో దానికీ అంతే సొంతం.

పొలంలో మాత్రం ఆ హక్కును భరించడం కష్టం. పర్చూరు వైపో ప్రత్తిపాడు వైపో జొన్న పాలు పోసుకునే వేళకి, మొక్కజొన్న పొత్తు గట్టిపడే వేళకి గుంపు దిగితే, అది తినేదానికన్నా కొరికి కింద పారేసేదే ఎక్కువ. రైతు డబ్బా కొడతాడు, మంచె ఎక్కి వడిసెల తిప్పుతాడు, గాలికి తళతళలాడే రిబ్బన్లు కడతాడు. కౌలు కట్టి, అప్పు తెచ్చి పంట వేసినవాడు పిట్టను తోలితే తప్పుపట్టే అర్హత మనకు లేదు. తోలడం వేరు, వల వేయడం వేరు.

పగలంతా చేలల్లో మేసిన చిలకలు పొద్దువాలేసరికి పట్నం చేరతాయి. గుంటూరులో పాత కళాశాలల ఆవరణల్లో, కచేరీల ప్రాంగణాల్లో ఇంకా మిగిలిన పెద్ద చెట్ల మీద వాటి గోల వినని సాయంత్రం ఉండదు. ఆ గోల కోసమే టీ గ్లాసు పట్టుకుని తలెత్తి నిలబడేవాళ్ళున్నారు. డాబా మీద నానబియ్యం, జామపండు ముక్కలు పెట్టే ఇళ్ళున్నాయి. చెన్నై రాయపేటలో కెమెరాలు బాగుచేసుకుని బతికే ఒకాయన 2004 సునామీ తర్వాత తన డాబా మీద వాలిన చిలకలకు బియ్యం పెట్టడం మొదలుపెడితే, అవి వేలకు చేరాయి. సంపాదనలో పెద్ద భాగం వాటి బియ్యానికే పోయిందని ఆయన గురించి దేశమంతా చెప్పుకున్నారు. నాకు అలాంటి మనుషులంటే గౌరవం.

అయితే మన జిల్లాల్లో చిలకకు తిండి కరువు లేదు. కరువల్లా తొర్రకే. చిలక గూడు అల్లలేదు. వడ్రంగి పిట్టో కంసాలి పిట్టో తొలిచి వదిలేసిన తొర్రను ముక్కుతో కాస్త వెడల్పు చేసుకుని గుడ్లు పెడుతుంది. దానికి ముసలి చెట్టు కావాలి, ఎండిన కొమ్మ కావాలి, తల తెగిన తాటి మోడు కావాలి. మన కళ్ళకు పనికిరానివిగా కనబడేవి సరిగ్గా అవే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వేపలూ రావులూ కొట్టేసి, మధ్యలో కోనోకార్పస్ వరస పెట్టి పచ్చదనం పెంచామంటున్నాం. ఆ సన్నకాండంలో ఏ పిట్ట కాపురం పెడుతుంది?

మిగిలిన తొర్రల మీద పడేది పంజరాల బేరం. పిల్లల్ని తీయడానికి చెయ్యి పట్టకపోతే తొర్రనే చీల్చేస్తారు. ఆ ఏడు పిల్లలు పోతాయి, మరుసటి ఏడు గూడూ ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రామచిలక ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. పట్టినా అమ్మినా ఇంట్లో పెంచినా మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పైగా 2018 నుంచి అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. అయినా ముద్దుగా పెంచుకుంటున్నామనే మాట వరండాల్లో వినబడుతూనే ఉంది. రెక్కలు కత్తిరించి చేసే ముద్దును నేను ప్రేమ అనలేను. చిలక జోస్యం చెప్పేవారికి ప్రభుత్వం మరో బతుకుతెరువు చూపించాల్సిందే, ఆ చీటీ కోసం డబ్బులిచ్చే మనం కూడా మానుకోవాల్సిందే.

లండన్ పార్కుల్లో ఇవే జాతి చిలకలు వేల సంఖ్యలో ఉన్నాయి. పంజరాల్లో సముద్రం దాటించిన పిట్టలు తప్పించుకుని, ఆ చలిలో సంతానం పెంచుకున్నాయి. పరాయి దేశంలో నిలదొక్కుకున్న పిట్టకు పుట్టిన నేల మీద తొర్ర దొరకకపోవడం మనకు తలవంపు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా చిలకల గుడ్లు, పిల్లల కాలం. ఆ నెలల్లో మీ వీధిలో పాత చెట్టు మీదికి రంపం వస్తే అడ్డుపడండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి ఉండాలి, ఆ కాగితం చూపించమని అడగండి. ప్రమాదం లేనిచోట ఎండిన మోడును అలాగే ఉండనివ్వండి. ఇంట్లో పంజరం ఉంటే మాత్రం తొందరపడి తలుపు తీసి వదిలేయకండి. ఎగరడం మరిచిన పిట్టను కాకులూ పిల్లులూ బతకనివ్వవు. దాన్ని అటవీశాఖ వారికి అప్పగించండి.