అజ్ఞాతం అరకొరే!
చెరిపినా చెరగని ఫోన్ జాడలు
ఒకే జీమెయిల్‌తో ఇంటిల్లిపాది గుట్టు బయటికి

ఖమ్మం: ఇంటికి ఒక్కటే స్మార్ట్‌ఫోన్. పొద్దున తండ్రి మిర్చి ధర చూస్తాడు. మధ్యాహ్నం తల్లి సీరియల్ చూస్తుంది. సాయంత్రం డిగ్రీ చదివే కుమార్తె పాఠాలు వింటుంది. రాత్రికి అది కుమారుడి ఆటవస్తువు. పల్లెల్లో తరచుగా కనిపించే దృశ్యమిది. నలుగురి చేతులు మారినా ఫోన్‌కు జ్ఞాపకశక్తి మాత్రం ఒక్కటే. ఎవరు ఏ వేళకు ఏమి వెదికారో వరుసగా రాసిపెట్టుకుంటుంది. తర్వాత తెరిచినవారి ముందు ఆ చిట్టా పరుస్తుంది.

ఆ చిట్టాలో ఉండేవన్నీ తప్పుడు పనులు కావు. నెలసరి తప్పిన యువతి కారణం తెలుసుకోవాలని చూస్తుంది. అప్పులపాలైన రైతు గట్టెక్కే దారి కోసం గాలిస్తాడు. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలు గృహహింస చట్టం గురించి వెదుకుతుంది. వైద్యుడికి, వకీలుకు చెప్పుకోవలసిన మాటలను నేడు మొదట ఫోన్‌కే చెప్పుకుంటున్నారు. ఆ మాట మూడో కంటపడితే కొందరికి సిగ్గు, కొందరికి రచ్చ, మరికొందరికి ప్రాణభయం. ‘దాచుకునే పని ఎందుకు చేయాలి’ అనే ప్రశ్న ఇక్కడ నిలవదు. బ్యాంకు పాసుపుస్తకాన్ని బీరువాలో పెట్టుకున్నవారిని దొంగలని ఎవరూ అనరు కదా!

టోపీ, కళ్లద్దాల బొమ్మ

గుట్టు కాపాడుకునేందుకు చాలామందికి తెలిసిన ఉపాయం ‘ఇన్‌కాగ్నిటో’. క్రోమ్ బ్రౌజర్‌లో టోపీ, కళ్లద్దాల బొమ్మతో కనిపించే ఈ ఏర్పాటు 2008 నుంచే ఉంది. ఇందులో తెరిచిన పేజీల వివరాలు, సైట్లు వదిలివెళ్లే కుకీలు ఆ కిటికీలన్నీ మూసేయగానే ఫోన్ నుంచి తొలగిపోతాయి. దీంతో తమను ఎవరూ చూడలేదని వాడినవారు నిశ్చింతగా ఉంటున్నారు. చిక్కంతా ఇక్కడే వస్తోంది.

పాండవుల అజ్ఞాతవాసం కౌరవుల కంటపడకుండా ఉండేందుకే తప్ప లోకంలో ఎవరికీ తెలియకుండా పోయేందుకు కాదు. ఇన్‌కాగ్నిటో సంగతీ అంతే. అది ఆ ఫోన్‌ను పట్టుకునే ఇంటివారి కంటపడకుండా మాత్రమే కాపాడుతుంది. తెరిచిన వెబ్‌సైటుకు, నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి, కళాశాల వైఫై అయితే దాని నిర్వాహకులకు రాకపోకల జాడ తెలుస్తూనే ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు ఫోన్‌లో అలాగే మిగులుతాయి. ఆ కిటికీలోనే జీమెయిల్‌తో లాగిన్ అయితే వెదికినదంతా మళ్లీ ఖాతాలోకి చేరే అవకాశం ఉంది.

ఈ అపోహ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడూ సమాచారం సేకరించారంటూ గూగుల్‌పై 2020లో అమెరికాలోని కాలిఫోర్నియా కోర్టులో దావా పడింది. కనీసం 500 కోట్ల డాలర్ల పరిహారం కోరారు. ఆరోపణలను కంపెనీ అంగీకరించలేదు. అయితే 2024 ఏప్రిల్‌లో బయటికి వచ్చిన రాజీ ఒప్పందంలో వందల కోట్ల రికార్డులను ధ్వంసం చేయడానికి లేదా వ్యక్తుల ఆనవాలు తెలియకుండా మార్చడానికి ఒప్పుకుంది. వెబ్‌సైట్లు సమాచారం సేకరిస్తూనే ఉంటాయని స్పష్టం చేసేలా ఇన్‌కాగ్నిటో తొలి పేజీలోని హెచ్చరికనూ మార్చింది. ఆ హెచ్చరికను చదివేవారు ఎందరన్నది వేరే ప్రశ్న.

మూడు చోట్ల మూడు చిట్టాలు

బ్రౌజింగ్ వివరాలు ఒక్కచోట కాక మూడుచోట్ల నమోదవుతున్నాయి. మొదటిది ఫోన్‌లోని బ్రౌజర్ హిస్టరీ. దీన్ని చెరపడం తేలిక. క్రోమ్‌లో మూడు చుక్కలను తాకి ‘డిలీట్ బ్రౌజింగ్ డేటా’ను ఎంచుకుంటే సరిపోతుంది.

రెండోది గూగుల్ ఖాతాలోని ‘మై యాక్టివిటీ’. ఇది ఫోన్‌లో కాక కంపెనీ సర్వర్లలో ఉంటుంది. బ్రౌజర్‌లో హిస్టరీ చెరిపినంత మాత్రాన ఇందులోని వెదుకులాటల వివరాలు పోతాయన్న హామీ లేదు. పల్లె కుటుంబాల గుట్టుకు పెద్ద గండి పడుతున్నది ఇక్కడే. కొత్త ఫోన్ కొన్నప్పుడు జీమెయిల్ ఖాతాను, పాస్‌వర్డును దుకాణదారుడే పెట్టివ్వడం పరిపాటి. ఇంట్లో రెండో ఫోన్ కొన్నప్పుడూ అదే ఖాతా వేయిస్తారు. ఫలితంగా ఊరిలో ఉన్న తల్లి ఫోన్‌లో చూసిన యూట్యూబ్ వీడియోలు, వెదికిన మాటలు హైదరాబాద్‌లో ఉన్న కుమారుడి ఫోన్‌లోనూ కనిపిస్తాయి. అతడు చూసినవి ఆమెకూ కనిపిస్తాయి. ఫోన్లు రెండయినా ఖాతా ఒక్కటే కావడంతో ఎవరి రహస్యమూ వారికి దక్కడం లేదు. పాస్‌వర్డ్ తెలిసిన దుకాణదారుడిని కలుపుకుంటే చూడగలిగేవారు ఇంకొకరు పెరిగినట్లే.

మూడోది దారిలోని చిట్టా. నెట్ ఇచ్చే టెలికాం కంపెనీకి చందాదారుడు ఏ సైటుకు వెళ్లిందీ తెలుస్తుంది. చిరునామా ‘హెచ్‌టీటీపీఎస్’తో మొదలైతే లోపల ఏ పేజీ చదివిందీ తెలియదు. ఈ లాగ్ వివరాలను కనీసం రెండేళ్లపాటు భద్రపరచాలని కేంద్ర టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధనలను సవరించింది. దీన్ని తప్పించుకునేందుకు కొందరు వీపీఎన్ యాప్‌లను ఆశ్రయిస్తున్నారు. అయితే అది టెలికాం కంపెనీపై నమ్మకాన్ని తీసి వీపీఎన్ కంపెనీపై పెట్టడమే. చందాదారుల వివరాలను అయిదేళ్లు ఉంచాలని 2022లో సెర్ట్-ఇన్ ఆదేశించడంతో కొన్ని విదేశీ వీపీఎన్ సంస్థలు భారత్‌లోని సర్వర్లను తొలగించాయి. ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్‌ను నమ్మడమంటే పొలానికి కంచె వేయమని పశువుల దొంగను పిలవడమే.

గడప దాటని చట్టం

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అమలును దశలవారీగా నిర్ణయించారు. అయితే ఈ చట్టం కంపెనీలను, సంస్థలను ఉద్దేశించినది. ఒక వ్యక్తి సొంత లేదా ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారాన్ని దాని పరిధి నుంచి మినహాయించారు. అంటే భార్య ఫోన్‌ను భర్త, చెల్లెలి ఫోన్‌ను అన్న తిరగేస్తే ఈ చట్టం అడ్డురాదు. గడపలోపల ఎవరి జాగ్రత్త వారిదే.

చెరపకూడని వేళ

చెరపడమే అన్నివేళలా మేలు చేయదు. హింసను ఎదుర్కొంటున్న మహిళ హిస్టరీ మొత్తాన్ని ఒక్కసారిగా ఖాళీ చేస్తే అదే అనుమానానికి తావిస్తుంది. అవసరమైన ఒకటి రెండు పద్దులను మాత్రమే తీసేయడం క్షేమం. మహిళా సహాయ నంబరు 181కు ఫోన్ చేసినా కాల్ జాబితాలో జాడ మిగులుతుందని గుర్తుంచుకోవాలి. ఫోన్‌లో నిఘా యాప్ వేశారని అనుమానం ఉంటే ఎన్ని చెరిపినా ఫలితం ఉండదు. నమ్మకస్తురాలి ఫోన్ వాడటమే మార్గం. సైబర్ మోసానికి గురైనవారు మాత్రం ఏదీ తొలగించకూడదు. ఆ హిస్టరీ, ఆ సందేశాలే సాక్ష్యాలు. వాటితో వెంటనే 1930కి ఫిర్యాదు చేయాలి.

పిల్లల విషయం వేరు. ఊహ తెలియని వయసులో ఏమి చూస్తున్నారో గమనించే బాధ్యత తల్లిదండ్రులకు ఉంది. అయితే చాటుగా ఫోన్ తిరగేయడం కంటే ముందే చెప్పి నియంత్రణలు పెట్టడం మంచిది. చాటున పట్టుబడిన బిడ్డ మరింత చాటుగా చూడటం నేర్చుకుంటాడే తప్ప మానడు.

ఇలా చేస్తే మేలు

- ఇంట్లో ఎవరి జీమెయిల్ వారికి ఉండాలి. దుకాణంలో పెట్టిన పాస్‌వర్డును ఇంటికి రాగానే మార్చుకోవాలి.
- గూగుల్ ఖాతాలోని ‘డేటా అండ్ ప్రైవసీ’లో వెబ్, యాప్ యాక్టివిటీకి ‘ఆటో డిలీట్’ పెట్టుకోవచ్చు. 3, 18, 36 నెలల గడువులు ఉంటాయి. అసలు నమోదు కాకుండానూ ఆపవచ్చు.
- యూట్యూబ్ హిస్టరీకి వేరే మీట ఉంది. దాన్నీ చూసుకోవాలి.
- ఇన్‌కాగ్నిటో కిటికీలకు వేలిముద్ర తాళం వేసే వీలు క్రోమ్‌లో ఉంది.
- కొన్ని ఫోన్లలో ‘గెస్ట్’ లేదా రెండో యూజర్ సౌకర్యం ఉంటుంది. ఉమ్మడి ఫోన్‌కు ఇది అనువైనది.
- మరమ్మతుకు ఇచ్చేముందు ఖాతా నుంచి లాగౌట్ కావాలి. అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి.

ఇవేవీ ఖర్చుతో కూడుకున్నవి కావు. అయినా ఫోన్ అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. స్వయం సహాయక సంఘాల సమావేశాల్లో పొదుపు, రుణాల లెక్కలు నేర్పుతున్నట్లే ఒక గంట ఫోన్ లెక్కలూ నేర్పితే ఎందరో మహిళలకు ఊరట. డిగ్రీ కళాశాలల్లోనూ ఆ గంట దొరకాలి. కష్టం వచ్చినవారు ఫోన్‌ను ప్రశ్న అడగడానికే భయపడే పరిస్థితి వస్తే అరచేతిలో లోకమంతా ఉన్నా వారికి ఒరిగేది ఏమీ ఉండదు.