మా అమ్మ అడిగిన ‘ట్రూ అప్పు’

ఆ మధ్య గాజువాకలో మా అమ్మ కరెంటు బిల్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇదేటిరా నాయినా, ట్రూ అప్పంట? మనం ఎవరి కాడ సేసినాం అప్పు?"

తెలుగులో పీహెచ్‌డీ చేసినవాణ్ని. నోట మాట రాలేదు. పేపర్ల వాళ్లు దాన్ని సర్దుబాటు ఛార్జీ అంటారు. డిస్కంలు అనుకున్న దానికంటే ఎక్కువ ధర పెట్టి కరెంటు కొంటే, ఆ తేడాను తర్వాత మన దగ్గర రాబట్టుకోవడం అన్నమాట. 2022-23 లెక్క కింద 6,072 కోట్లను 2024 డిసెంబరు నుంచి 15 నెలల పాటు వసూలు చేసుకోవచ్చని అనుమతి వచ్చింది. అమ్మ అన్నదే కరెక్టు, అది అప్పే. మనం చేసింది కాదు, అంతే.

అనుమతి ఇచ్చింది ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి. 1998 నాటి సంస్కరణల చట్టం కింద 1999లో పుట్టింది. మరుసటి ఏడాదే ఛార్జీలు పెరిగి జనం రోడ్డెక్కారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. ఆ కాల్పులు గుర్తున్న వాళ్లలో కూడా, ఈ మండలిలో కూర్చునేది ఎవరని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ.

2003 విద్యుత్ చట్టం తీసి చదవండి. ఛైర్మన్‌తో కలిపి ముగ్గురికి మించకూడదు. ఐదేళ్ల పదవి, 65 ఏళ్ల వయసు దాకా. ఇంజనీరింగ్, ఫైనాన్స్, వాణిజ్యం, ఆర్థికశాస్త్రం, న్యాయం, మేనేజ్‌మెంట్ తెలిసుండాలి. వాళ్లను వెతికే కమిటీలో కూడా ముగ్గురే: హైకోర్టు జడ్జిగా చేసిన ఒకరు, రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, ఢిల్లీ విద్యుత్ సంస్థల అధిపతుల్లో ఒకరు. ఒక్కో ఖాళీకి రెండు పేర్లిస్తే ప్రభుత్వం ఒకటి ఎంచుకుంటుంది. ఎస్సీ, ఎస్టీ అన్న మాట ఈ సెక్షన్లలో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. 21 మంది దాకా ఉండగల సలహా సంఘంలో వాణిజ్యం, పరిశ్రమ, రవాణా, వ్యవసాయం, కార్మికులు, వినియోగదారులు అంటూ పేరుపేరునా రాశారు. అక్కడా మనం లేం.

"కరెంటుకు కులమేంటి మాస్టారూ, అది టెక్నికల్ వ్యవహారం" అని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన నవ్వారు. తీగలో కరెంటు ఎంత పోతోందో లెక్కగట్టడం టెక్నికల్. నష్టాన్ని స్టీలు కంపెనీ మోయాలా, రెల్లివీధిలో ఒంటి గది ఇల్లు మోయాలా అన్నది న్యాయం సంగతి. దానికి బతుకు తెలిసినవాళ్లు కావాలి. ముగ్గురిలో కనీసం ఒకరు న్యాయరంగం వాళ్లు ఉండి తీరాలని 2018లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో చెప్పింది. ఫలానా వాళ్లకు ఒక కుర్చీ కేటాయించడం కుదురుతుందన్నమాట. కుదరనిదల్లా మన దగ్గరికి వచ్చేసరికే.

ఉచిత కరెంటు ఉందిగా అంటారు. ఎస్సీ, ఎస్టీలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉంది, కాదనను. అది ప్రభుత్వం దయదలచి కట్టే సబ్సిడీ. రేటు నిర్ణయించే చోట వాటా కాదు. పైగా అమ్మ ఉండేది అద్దె ఇంట్లో. మీటరు ఓనరు పేరు మీద ఉంది. ఆ 200 యూనిట్లు మా గుమ్మం దాకా రావు.

ఇంకో మాట. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖతో పాటు ఈ దేశపు విద్యుత్ విధానం చూసింది బాబాసాహెబ్ అంబేద్కర్. కరెంటు చౌకగా, పుష్కలంగా దొరక్కపోతే పరిశ్రమలూ లేవు, పేదరికం నుంచి విముక్తీ లేదని 1943లోనే వాదించినవాడు. ఆయన దారి వేసిన రంగంలో ఆయన మనుషులకు ఒక్క కుర్చీ కూడా హక్కుగా రాసి లేదు.

నవంబరు చివరికి డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు దాఖలు చేస్తాయి. తర్వాత అభ్యంతరాలు పిలుస్తారు, బహిరంగ విచారణలు పెడతారు. ఈసారి నాది తెలుగులో రాసి పంపుతున్నాను. మొదటి పేజీలో అమ్మ ప్రశ్న, ఆవిడ మాటల్లోనే. మీ ఇంటి బిల్లు మీద ఏం రాసుందో కామెంట్లలో పెట్టండి, జత చేస్తాను.

జై భీమ్.