మూడో ఆటకు నిలిచే పేక

పార్టీ ఆట కోసం సొంతంగా పేకకట్ట తయారుచేసి అమ్మడం ఇప్పుడు ఎవరికైనా అందే పని. అమెరికాలో ది గేమ్ క్రాఫ్టర్ లాంటి సంస్థలు ఒక్క కట్టయినా అచ్చువేసి ఇంటికి పంపుతాయి. పెట్టుబడి లేనివారు కిక్‌స్టార్టర్‌లో జనాన్నే అడగవచ్చు. దారి ఇంత సుగమమైనా, మార్కెట్లోకి వస్తున్న కట్టల్లో చాలావరకు ఒక సాయంత్రం నవ్వించి అలమారా ఎక్కేవే. పెట్టె ముందు పుడుతోంది, ప్రచార వీడియో దాని వెనకే పుడుతోంది, ఆట మాత్రం ఆఖర్న పుడుతోంది. రోగమంతా అక్కడే ఉంది.

ఈ కట్టల్లో సగం కార్డ్స్ అగెనెస్ట్ హ్యుమానిటీని చూసి వాత పెట్టుకున్నవి. షికాగో శివారులోని హైలాండ్ పార్క్ హైస్కూల్లో కలిసి చదువుకున్న ఎనిమిదిమంది స్నేహితులు కొత్త సంవత్సరం పార్టీ కోసం కల్పించుకున్న ఆట అది. 2010 డిసెంబరులో కిక్‌స్టార్టర్‌లో 4,000 డాలర్లు అడిగితే, మరుసటి నెలాఖరుకు 15,570 డాలర్లు వచ్చాయి. నల్ల ముక్క మీద ప్రశ్నో, ఖాళీ వదిలిన వాక్యమో ఉంటుంది. తెల్ల ముక్కల మీద పూరణలుంటాయి. ఒకరు తీర్పరిగా కూర్చుంటే, మిగిలినవారు చేతిలోని పది తెల్ల ముక్కల్లోంచి ఒకటి వేస్తారు. నచ్చిన పూరణకు పాయింటు. పద్ధతి వాళ్లు కనిపెట్టిందేమీ కాదు, 1999 నాటి ఆపిల్స్ టు ఆపిల్స్‌దే. అనుకరించేవారికి అందులో కనిపించింది బూతు. కనిపించనిది లెక్క.

తొలి ముద్రణల్లో 550 ముక్కలుండేవి: 460 తెల్లవి, 90 నల్లవి. అంటే ఒక నల్ల ముక్కకు అయిదు తెల్ల ముక్కలు. ఆరుగురు ఆడితే ప్రతి విడతలో తీర్పరి పోను అయిదు తెల్ల ముక్కలు ఖర్చవుతాయి. రెండు రంగులూ దాదాపు ఒకేసారి అయిపోతాయి. ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్ అనే మరో పేక ఆటలో లెక్క ఇంకా కచ్చితం. 56 ముక్కల కట్టలో పేలే పిల్లులు నాలుగు. ఆడేవారి సంఖ్య కంటే ఒకటి తక్కువగా వాటిని కట్టలో కలుపుతారు, పేలినవారు ఆట వదులుతారు. అందువల్ల చివరికి ఒక్కరే మిగులుతారు, ఆట తప్పకుండా ముగుస్తుంది. ఎంతమంది, ఎంతసేపు, ఎన్ని ముక్కలు అన్న ఈ మూడూ తేలకముందే బొమ్మలు గీయించడం డబ్బు దండగ.

తర్వాతిది రాత. పూరణ ముక్క ఏ ఒక్క వాక్యానికో అతికేలా ఉంటే అది చచ్చిన ముక్క. పది వాక్యాల్లో పది రకాలుగా పలికేదే పనికొస్తుంది. ఈ నెల వైరల్ అయిన జోకు వచ్చే ఏడాదికి ఎవరికీ గుర్తుండదు. అక్షరాలు మసక వెలుతురులో, బల్ల అవతలి నుంచి కూడా చదవగలిగేంత పెద్దవి కావాలి. ముక్కల్ని విసనకర్రలా పట్టుకున్నప్పుడు ఎడమవైపు పైమూల మాత్రమే కనబడుతుంది కాబట్టి గుర్తు అక్కడే ఉండాలి. కార్డ్స్ అగెనెస్ట్ హ్యుమానిటీ ముక్కల మీద బొమ్మే లేదు, హెల్వెటికా అక్షరాలు తప్ప.

అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అందరూ ఎగ్గొట్టేదీ పరీక్ష. స్నేహితులతో ఆడి చూడటం పరీక్ష కాదు. వాళ్లు మొహమాటానికైనా నవ్వుతారు, అర్థం కానిది తయారుచేసినవారినే అడుగుతారు. ముక్కు మొహం తెలియని వారికి పెట్టె ఇచ్చి, నియమాల కాగితం తప్ప మరే సాయమూ లేకుండా ఆడించి, తయారీదారు నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. నియమం దగ్గర ఎక్కడ ఆగిపోతున్నారు, ఏ ముక్క ఎవరూ వేయకుండా చేతిలోనే మిగిలిపోతోంది, రెండో ఆట వాళ్లంతట వాళ్లే మొదలుపెడుతున్నారా అన్నవి రాసుకోవాలి. మూడో ఆటకు కూడా చేతులు ముందుకొస్తేనే అది అచ్చుకు తగిన కట్ట. నియమాలు ఒక కాగితానికి ఒక పక్క పట్టకపోతే తప్పు కాగితానిది కాదు, ఆటది. ఈ పరీక్షకు ఖర్చు కూడా లేదు. ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్ మొదట బాంబ్ స్క్వాడ్ అన్న పేరుతో, మామూలు పేకముక్కల మీద మార్కర్‌తో గీసిన ఆటే. పిల్లులు తర్వాత వచ్చాయి.

అచ్చు విషయం తేలిక. సాధారణ కొలత 63 × 88 మిల్లీమీటర్లు. చుట్టూ కత్తిరింపు కోసం 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలాలి, ఫైలు సీఎంవైకేలో 300 డీపీఐతో ఉండాలి. కాగితం 300 జీఎస్ఎం దగ్గర ఉండి, మధ్యలో నల్లపొర ఉంటే వెలుతురులో అవతలి వైపు కనబడదు. కార్ఖానాను బట్టి ఒక షీటు మీద 54 లేదా 55 ముక్కలు పడతాయి. 60 ముక్కల ఆట అంటే రెండో షీటులో ఎక్కువ భాగం వృథా.

ధర దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడుతున్నారు. అమ్మకపు ధర తయారీ ఖర్చుకు అయిదు రెట్లుండాలన్నది ఈ వ్యాపారంలో వాడుక సూత్రం. అమెరికాలో 20 డాలర్ల పెట్టెకు పంపిణీదారు ఇచ్చేది సుమారు 8 డాలర్లు. తయారీకి, రవాణాకు 4 పోతే, బొమ్మలకూ ప్రచారానికీ లాభానికీ కలిపి మిగిలేది 4. కిక్‌స్టార్టర్ తన వాటాగా 5 శాతం తీసుకుంటుంది. చెల్లింపుల రుసుము దానికి అదనం.

ప్రచారానికి అందరూ చూపే ఉదాహరణ మళ్లీ ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్సే. 2015 జనవరిలో 10,000 డాలర్లు అడిగితే 2,19,382 మంది కలిసి 87,82,571 డాలర్లిచ్చారు, సగటున మనిషికి 40. అయితే దాని ముగ్గురు తయారీదారుల్లో ఒకరైన మాథ్యూ ఇన్‌మన్‌కు ది ఓట్‌మీల్ కార్టూన్ల ద్వారా లక్షలమంది పాఠకులు అప్పటికే ఉన్నారు. ఆ పాఠకులు లేనివారు దాని ప్రచార వీడియోను అనుకరిస్తే దక్కేది వీడియో ఖర్చే. కార్డ్స్ అగెనెస్ట్ హ్యుమానిటీ వారు 2014 బ్లాక్ ఫ్రైడే నాడు ఎద్దు పేడను 6 డాలర్లకొకటి చొప్పున 30,000 పెట్టెలు అమ్మారు. మరుసటి ఏడు ఏమీ ఇవ్వకుండా తలా 5 డాలర్లు అడిగి 71,145 డాలర్లు పోగేశారు. ఇవన్నీ ఆట నిలబడ్డాక చేసిన చిలిపి పనులు. దాన్ని నిలబెట్టింది వేరు: ముక్కలన్నిటినీ ఉచితంగా దింపుకుని అచ్చు వేసుకొమ్మన్నారు, అమ్ముకోవద్దని మాత్రం షరతు పెట్టారు. ఊరికే ఆడినవారే పెట్టె కొన్నారు. ఆట పద్ధతికి కాపీరైటు ఎలాగూ వర్తించదు, రాతకూ బొమ్మకూ మాత్రమే రక్షణ. దాచిపెట్టి లాభం లేదు.

తెలుగులో కట్ట వేయదలచినవారికి వీటన్నిటికీ మించిన అడ్డు ఒకటుంది: వత్తులు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకుండా యూనికోడ్ తెలుగు అతికిస్తే వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి. డీటీపీ కేంద్రంలో దాన్ని యూనికోడ్ కాని ‘అను’ ఫాంటుకు మారిస్తే ఇంకో రకం తప్పులు దొర్లుతాయి. శుభలేఖలు, ఫ్లెక్సీలు, దుకాణాల బోర్డులు ఇలాగే తగలడుతున్నా అడిగేవారు లేరు. ప్రూఫు దిద్దడం ఒక ఉద్యోగమన్న సంగతే అచ్చు పరిశ్రమ మరిచిపోయింది. ఇంగ్లిష్ స్పెల్లింగు తప్పితే సిగ్గుపడేవారు తెలుగు తప్పితే సర్దుకుపోతున్నారు. శుభలేఖను ఒకసారి చదివి పక్కన పెడతారు. పేకముక్కను మాత్రం ఆడిన ప్రతిసారీ నలుగురిలో గట్టిగా చదవాల్సిందే. కాబట్టి తెలుగు కట్టకు ఖర్చు లెక్క రాసేటప్పుడు బొమ్మల చిత్రకారుడి కంటే ముందు ప్రూఫు దిద్దేవారి జీతం రాయాలి.