పోలిక ఒకటే.. పురుగులు వేరు!

ఆగ్నేయాసియాకు చెందిన నువ్వుగింజంత పెంకుపురుగు ఒకటి అమెరికా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో చెట్లను బలిగొంటోంది. అది ఏ జాతిదో తేల్చడానికే శాస్త్రవేత్తలకు ఏళ్లు పట్టింది.

కాలిఫోర్నియాలోని లాస్‌ఏంజెలెస్ ప్రాంతంలో ఈ పురుగు 2003లో కనిపించింది. దక్షిణ భారతం, శ్రీలంకల్లో తేయాకు కొమ్మలను తొలిచే పురుగే ఇదని అప్పట్లో భావించారు. పైకి రెండూ అచ్చు ఒకేలా ఉండటమే ఇందుకు కారణం. 2012లో అక్కడి అవకాడో చెట్లకు తెగులు సోకడంతో లోతుగా పరిశీలించారు. రెండూ వేర్వేరు జాతులని డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. ఇక 'యువాలేసియా ఫార్నికేటస్' అన్న పేరు దేనిదన్న చిక్కు 2019లో వీడింది. జాడ తెలియకుండాపోయిన 19వ శతాబ్దపు మూల నమూనా దొరకడంతో, ఆ పేరు తేయాకు పురుగుది కాదని, ఈ కొత్త బెడదదేనని నిర్ధారించారు. తేయాకు పురుగు 'యువాలేసియా పెర్‌బ్రెవిస్' అయింది.

ఈ పురుగు కలపను తినదు. కాండంలో సొరంగాలు తొలిచి, వెంట తెచ్చుకున్న శిలీంధ్రాన్ని అందులో పెంచి తింటుంది. ఆ శిలీంధ్రం చెట్టుకు నీరందించే నాళాలను దెబ్బతీస్తుంది. పురుగు లోపలే దాగి ఉంటుంది కనుక పైపై పిచికారీతో ఫలితం అంతంతమాత్రమే.

దక్షిణాఫ్రికాలో 2017లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2021లో ఇది బయటపడింది. పెర్త్‌లో చెట్లు నరికినా నిర్మూలన సాధ్యం కాదని 2025లో అధికారులు తేల్చేశారు. కలప, ప్యాకింగ్ చెక్కల మాటున ఇలాంటి పురుగులు దేశాలు దాటుతుంటాయి. రేవుల్లో తనిఖీలు ఎంత ముఖ్యమో, చిక్కిన పురుగు జాతిని తేల్చగల నిపుణులూ అంతే అవసరం.